హాస్యాభినేత్రి శ్రీమతి జోర్డాన్

నాటకశాలలో కంట తడి పెట్టించిన నటికి లభించు గౌరవము నవ్వించిన నటికి లభించుట అరుదు. భరతుడు ఎనిమిది రసములను లెక్కించునప్పుడు శృంగారము వెంటనే హాస్యమును పేర్కొనెను. అయినను లోకము శోకమును బరువైనదిగాను, నవ్వును తేలికయైనదిగాను తూచుచు వచ్చినది. 18వ శతాబ్ది చివర లండన్ నగరమున ఒకే రంగస్థలముపై ఈ రెండు రసములకు ఇద్దరు నటీమణులు అధిదేవతలై వెలసిరి. శోకమునకు సారా సిడన్స్, హాస్యమునకు డోరతీ జోర్డాన్. ఆంగ్లసాహిత్యము చదివిన మన విద్యార్థులలో సిడన్స్ పేరు విన్నవారు కొందరు కలరు. జోర్డాన్ పేరు విన్నవారు తక్కువ. విన్నవారును ఆమెను ఒక రాజకుమారుని ప్రియురాలిగా మాత్రమే ఎరుగుదురు. ముప్పదియైదేండ్లకు పైగా రంగస్థలముపై శ్రమించి, తల్లిని, తోబుట్టువులను, 13 మంది బిడ్డలను, ఒక్కొక్కప్పుడు ఆ రాజకుమారుని సైతము తన సంపాదనతో ఆదుకొనిన స్త్రీ ఆమె. ఆ శ్రమయే ఆమె జీవితకథకు ప్రాణము.

డోరతీ 1761వ సంవత్సరము నవంబరు నెలలో లండనులో జన్మించెను. తల్లి గ్రేస్ ఫిలిప్స్ వేల్సు దేశమునందలి ఒక మతాచార్యుని కుమార్తె, వృత్తిచే నటి. తండ్రి ఫ్రాన్సిస్ బ్లాండ్ ఐర్లండు దేశపు పెద్ద కుటుంబమునకు చెందినవాడు. నటిని ఇల్లాలిగా అంగీకరించుటకు ఆ కుటుంబము సమ్మతింపలేదు. డోరతీకి పండ్రెండు పదమూడేండ్ల ప్రాయమున, అనగా 1774లో, తండ్రి వీరిని విడిచి ధనవంతురాలైన వేరొక యువతిని వివాహమాడెను. ఒక పురుషుడు ధనము కొరకు తమను విడిచిపోవుట ఆమెకు బాల్యముననే అనుభవమునకు వచ్చినది. ఆ అనుభవము అదియే కడపటిది కాకపోవుట ఆమె దురదృష్టము.

ఇంటి భారము బిడ్డలపై పడినది. డోరతీ కొంతకాలము డబ్లిన్ నగరమున స్త్రీల టోపీలు కుట్టు దుకాణములో పనిచేసెనని చెప్పుదురు. పిదప తల్లి వృత్తినే చేపట్టి 1779 ప్రాంతమున ఆ నగరముననే రంగస్థలమెక్కెను. అచటి స్మాక్ ఆలీ నాటకశాల యజమాని రిచర్డ్ డేలీ ప్రతిభను గుర్తింపగలవాడే గాని నీతి లేనివాడు. తన కొలువులోని నటీమణులను అప్పులతోను, ఒడంబడికలతోను బంధించి లొంగదీసికొనుట అతని అలవాటు. డోరతీయు ఆ వలలో చిక్కెను. 1782లో, ఇరువదియొక్క యేండ్లు నిండకుండగనే, గర్భవతియై, తల్లిని తోబుట్టువులను వెంటబెట్టుకొని, అతని బారి నుండి తప్పించుకొని సముద్రము దాటి ఇంగ్లండునకు వచ్చెను. చేతిలో ధనము లేదు. ఒంటిపై మంచి బట్టలు లేవు.

లీడ్సు పట్టణమున అప్పుడు టేట్ విల్కిన్సన్ అను నాటకసమాజపు యజమాని మకాము చేసియుండెను. యార్కు, లీడ్సు, హల్, డాంకాస్టర్, వేక్‌ఫీల్డు మున్నగు పట్టణములలో ఋతువును బట్టి ప్రదర్శనములిచ్చుచు తిరుగుట ఆ సమాజపు పద్ధతి. డోరతీ తల్లితో అతడు పూర్వమొకప్పుడు నటించియుండెను. ఆ పరిచయమును బట్టి వారు అతనిని ఆశ్రయించిరి. విషాదనాటకమా, ప్రహసనమా, సంగీతనాటకమా, నీకు చేతనైనదేది యని అతడు అడుగగా, అన్నియు చేతనగునని ఆ పేదపిల్ల బదులు చెప్పినదట. 1782 జులై నెలలో ఆమె లీడ్సులో తొలిసారి నటించెను. ఆ రాత్రి ఆమె ధరించిన పాత్ర విషాదనాయిక. నాటకాంతమున మరణించిన ఆ నాయికయే మరల లేచి వచ్చి ఒక జానపదగీతము పాడుననగా విల్కిన్సన్ మొదట జంకెను. ఆమె పాడినది. ప్రేక్షకులు పరవశులైరి. వారమునకు 15 షిల్లింగుల జీతముపై ఆమె సమాజములో చేరెను.

పేరు విషయమున చిక్కు వచ్చినది. తండ్రి పేరు పెట్టుకొనుటకు తండ్రి బంధువులు సమ్మతింపరు. పుట్టబోవు బిడ్డ దృష్ట్యా వివాహితకు తగిన పేరు కావలెను. నీళ్ళు దాటి వచ్చితివి గనుక నీకు జోర్డాన్ అని పేరు పెట్టెదనని విల్కిన్సన్ చమత్కరించెను. బైబిలునందు ఇశ్రాయేలు ప్రజలు దాటి వచ్చిన యొర్దాను నది పేరే అది. ఆ విధముగా, ఏ కాలమునను ఏ పురుషుని చేతను శాస్త్రోక్తముగా పరిగ్రహింపబడని ఆమె జీవితాంతము శ్రీమతి జోర్డాన్ అయ్యెను. ఆ పేరు తండ్రి ఇచ్చినది కాదు, భర్త ఇచ్చినది కాదు. వృత్తి ఇచ్చినది.

మూడేండ్ల కాలము ఆమె పల్లెటూరి దారులవెంట బండ్లలో తిరుగుచు, రాత్రికొక పాత్ర ధరించుచు, వల్లించిన పాత్రను మరచి క్రొత్త పాత్రను వల్లించుచు నటనావిద్యను అభ్యసించెను. ఈ తిరుగుడే ఆమెకు విశ్వవిద్యాలయము. యార్కులో ఆమెను చూచిన విలియం స్మిత్ అను లండన్ నటుడు డ్రూరీ లేన్ నాటకశాలవారికి ఆమెను సిఫారసు చేసెను. సిడన్స్ మాత్రము, ఈ పిల్ల లండనుకు రాక ఉన్నచోటనే యుండుట మేలని అభిప్రాయపడినదట.

ఆ రోజులలో లండనునందు సంభాషణాత్మకమైన నాటకములను ఆడుటకు రాజశాసనముచే అనుమతి గల పెద్ద నాటకశాలలు రెండు, డ్రూరీ లేన్, కావెంట్ గార్డెన్. డ్రూరీ లేన్‌కు ప్రసిద్ధ నాటకకర్త షెరిడన్ యజమాని. విషాదనాయికగా సిడన్స్ అచట తిరుగులేని రాణి. ఆమెతో పోటీపడుట వ్యర్థమని జోర్డాన్ గ్రహించి, తొలి రాత్రికి హాస్యపాత్రను కోరుకొనెను. 1785 అక్టోబరు 18వ తేదీన, వారమునకు 4 పౌనుల జీతముపై, ‘పల్లెపిల్ల’ అను అర్థము వచ్చు పేరు గల ప్రహసనమున పెగ్గీ పాత్రను ధరించెను. విచర్లీ వ్రాసిన పాత నాటకమును గారిక్ సంస్కరించి కూర్చిన ప్రహసనమది. పెగ్గీ లోకమెరుగని పిల్ల. సంరక్షకుడు ఆమెను ఇంట బంధించి, తానే పెండ్లాడవలెనని చూచును. ప్రియుని తిరస్కరించుచు ఉత్తరము వ్రాయుమని దగ్గర కూర్చుండి వ్రాయించును. ఆ పిల్ల అతని కన్నుగప్పి, ఆ ఉత్తరమునకు బదులు తన మనసులోని మాట వ్రాసిన వేరొక ఉత్తరమును పంపును. కలమును కొరుకుచు, గొణుగుచు, సంరక్షకుని వంక ఓరగా చూచుచు, లోలోపల ఉబుకు సంతోషమును ఆపుకొనజాలక ఆమె ఆ ఉత్తరము వ్రాయు తీరునకు నాటకశాల మారుమ్రోగినది. ఆ రాత్రి లండన్ ప్రేక్షకులకు క్రొత్త వస్తువు దొరికినది. త్వరలోనే జీతము రెట్టింపయ్యెను. తరువాత ఇంకను పెరుగుచు పోయెను.

ఆమె నటనలోని విశేషమేమి? గొప్ప సౌందర్యవతి యని ఆమెను ఎవ్వరును వర్ణింపలేదు. గొంతు, నవ్వు, సహజత్వము, ఇవి మూడే ఆమె సొత్తు. ఆనాటి నటులు హస్తముల కదలికలను, మాటల విరుపులను లెక్కగట్టి నేర్చుకొనెడివారు. జోర్డాన్ అప్పటికప్పుడు తోచినట్లు మాటలాడునట్లుండెడిది. ఆమె నవ్వు మాటకు ముందో వెనుకనో అతికించినట్లు గాక, మాటల నడుమ పొంగి, మాటను చెరిపి, మరల మాటగా మారెడిదని విమర్శకుడు లే హంట్ వివరించెను. హాజ్లిట్ ఆమె కంఠమును ఎంతయో కొనియాడెను. చార్లెస్ లాంబ్ అనేక సంవత్సరముల తరువాత ఆమె ధరించిన వయొలా పాత్రను స్మరించుచు, చెప్పరాని ప్రేమను గూర్చి ఆ కన్య పలుకు మాటలను జోర్డాన్ పద్యమువలె అప్పగింపక, ఒక్కొక్క భావము అప్పుడే హృదయమున మొలచుచున్నట్లు పలికెడిదని వ్రాసెను. షేక్స్పియరు నాటకములు బోధించు ఉపాధ్యాయులు ఈ మాటను గుర్తుంచుకొనదగును. హాస్యనటికి కరుణము తెలియదనుట పొరపాటు. నవ్వు వెనుక నున్న తడిని చూపగలిగినందుననే ఆమె గొప్ప హాస్యనటి యయ్యెను.

వయొలా, రోజలిండ్ పాత్రలవలె పురుషవేషము ధరింపవలసిన పాత్రలన్న ఆమె పెట్టినది పేరు. నిడుపాటి గౌనులతో బంధింపబడిన ఆనాటి స్త్రీ రంగస్థలముపై లాగు తొడిగి స్వేచ్ఛగా నడచుట, పరుగెత్తుట ప్రేక్షకులకు వింత. అల్లరి కుర్రవాడు, అమాయకపు పల్లెపిల్ల, చెప్పులు కుట్టువాని భార్య, ఇట్టి పాత్రలు ఆమె ధరించినప్పుడు టిక్కెట్లు దొరకెడివి కావు. 1786లో హాప్నర్ అను చిత్రకారుడు ఆమెను హాస్యదేవతగా చిత్రించెను. స్కాట్లండునకు చెందిన ‘బ్లూ బెల్స్’ పాట దేశమంతట వ్యాపించుటకు ఆమె గొంతే కారణము. 1796లో ఐర్లండ్ అను యువకుడు తానే వ్రాసిన నాటకమును షేక్స్పియరు నాటకమని నమ్మించి డ్రూరీ లేన్‌లో ఆడించినప్పుడు సిడన్స్ అందులో నటింప నిరాకరించెను. జోర్డాన్ నటించెను. నాటకము నవ్వులపాలైనను ఆ యువకునిపట్ల ఆమె దయ చూపెను.

రంగస్థలముపై ఇంత సంతోషమును పంచిన ఆమె ఇల్లు మాత్రము ఇసుకపై కట్టిన ఇల్లయినది. డ్రూరీ లేన్ భాగస్వామి యొకని కుమారుడైన రిచర్డ్ ఫోర్డ్ అను న్యాయవాది వివాహమాడెదనని మాట యిచ్చి ఆమెతో కాపురము చేసెను. ఆమె ఫోర్డ్ గారి భార్య యనియే చెప్పుకొనెను. ఇద్దరు ఆడపిల్లలు పెరుగుచుండిరి. మాట మాటగానే మిగిలెను. ఇంతలో 1790 ప్రాంతమున మూడవ జార్జి రాజుగారి మూడవ కుమారుడు, నావికుడుగా పనిచేసిన క్లారెన్స్ డ్యూకు విలియం, ఆమెను ప్రేమించెను. ఫోర్డ్ నిజముగ వివాహమునకు సిద్ధపడడని తేలిన పిమ్మట, తాను కూడబెట్టిన ధనమును ఆడపిల్లల పేర వ్రాసి, వారిని తన సోదరికి అప్పగించి, 1791లో ఆమె డ్యూకుతో కాపురము పెట్టెను. 1772వ సంవత్సరపు రాజవంశ వివాహ శాసనము ప్రకారము ఆ కాలమున రాజు అనుమతి లేనిదే రాజకుమారుని వివాహము చెల్లెడిది కాదు. నటితో వివాహమునకు రాజు అనుమతించుట కలలోని మాట. కావున ఈ కాపురమునకును వివాహము లేదు.

పత్రికలు పండుగ చేసికొనినవి. జోర్డాన్ అను మాటకు ఆనాటి ఇంగ్లీషు వాడుకలో రాత్రివేళ మంచము క్రింద నుంచుకొను పాత్ర యను అర్థము కూడ కలదు. గిల్రే మున్నగు వ్యంగ్యచిత్రకారులు ఆ శ్లేషను పట్టుకొని నీచమైన చిత్రములు గీసి అంగళ్ళలో అమ్మిరి. అస్వస్థతచే ఆమె నటింపలేకపోగా, డ్యూకుతో విహరించుచు పని ఎగవేసినదని నింద పుట్టినది. ప్రేక్షకులు ఈలలు వేసిరి. ఆమె రంగస్థలము ముందుకు వచ్చి, నిజమైన జబ్బు వచ్చినప్పుడు తప్ప తానెన్నడును పని మానలేదనియు, తనకు ప్రజల రక్షణయే దిక్కనియు నిబ్బరముగా విన్నవించుకొనెను. ఈలలు చప్పట్లుగా మారినవి. తన ప్రవర్తనకు ఆమె క్షమాపణ కోరలేదు. తన పనిని మాత్రము సమర్థించుకొనెను.

ఇరువదియేండ్ల ఆ కాపురమున, 1794 నుండి 1807 వరకు, అయిదుగురు కుమారులు, అయిదుగురు కుమార్తెలు కలిగిరి. వారికి ఫిట్జ్‌క్లారెన్స్ అను ఇంటిపేరు ఇయ్యబడినది. 1797 నుండి బుషీ ఉద్యానవనము నందలి భవనమున వారు కాపురముండిరి. డ్యూకు బిడ్డలపై ప్రేమ గలవాడే, ఆమెపై గూడ చాలకాలము ప్రేమ గలవాడే. కాని అప్పులు చేయుటలో అన్నదమ్ములకు తీసిపోనివాడు. ఆమె బిడ్డను కనుట, కొలది వారములలో మరల రంగస్థలమెక్కుట, వేసవి వచ్చినచో బాత్, మార్గేట్, ఎడింబరో, మాంచెస్టర్, డబ్లిన్ నగరములకు పర్యటన సాగించుట జీవితక్రమమయ్యెను. బెనిఫిట్ ప్రదర్శనముల రాబడి ఇంటి ఖర్చులకును, డ్యూకుగారి అప్పులకును పోయెడిది. ఎవరు ఎవరిని పోషించుచున్నారని పత్రికలు పరిహాసము చేసెను. పరిహాసమైనను అందు సత్యము లేకపోలేదు. రాజుగారు ఆమె భత్యమును సగమునకు తగ్గింపుమని కుమారునకు చెప్పగా, ఆమె నాటక ప్రకటనపత్రపు అడుగుభాగమును చింపి పంపెనని ఒక కథ ప్రచారములో నున్నది. తెర లేచిన తరువాత టిక్కెట్టు ధనము తిరిగి ఇయ్యబడదని అందు అచ్చువేసి యుండెనట. కథ నిజమైనను కాకున్నను ఆమె చమత్కారమునకు తగియున్నది. పర్యటనలలో రాత్రి ప్రదర్శనము ముగించి, బసలో కూర్చుండి, పండ్లు వచ్చుచున్న పసిబిడ్డను గూర్చియు, నావికాదళమున చేరిన కుమారుని గూర్చియు ఆమె ఇంటికి వ్రాసిన ఉత్తరములు అనేకము నేటికిని నిలిచియున్నవి. అవి నటి ఉత్తరములని తెలియనివారు ఒక తల్లి ఉత్తరములనియే అనుకొందురు.

1809 ఫిబ్రవరిలో డ్రూరీ లేన్ నాటకశాల అగ్నికి ఆహుతి యయ్యెను. రెండేండ్ల తరువాత ఆమె సంసారమును కూలెను. 1811 అక్టోబరులో ఆమె చెల్టెన్‌హామ్ పట్టణమున చెప్పులు కుట్టువాని భార్య నెల్ పాత్ర ధరించుచుండగా డ్యూకు నుండి ఉత్తరము వచ్చెను. మెయిడెన్‌హెడ్ అను ఊర కలిసికొని విడిపోవుదమని దాని సారాంశము. అయినను ఆమె వేషము వేసికొని రంగస్థలమెక్కెను. ఒక ఘట్టమున నెల్ పకపక నవ్వవలెను. మంత్రగాడు తన భార్యకు నవ్వు మైకము పట్టించెనని భర్త వేషధారి పలుకవలెను. నవ్వవలసిన చోట జోర్డాన్ వెక్కి వెక్కి ఏడ్చెను. ఎదుటి నటుడు తెలివిగా మాట మార్చి, మంత్రగాడు ఏడుపు మైకము పట్టించెనని పలికి నాటకమును నిలిపెను. ప్రేక్షకులలో ఎందరికి సంగతి అర్థమైనదో గాని, దేశమునంతను నవ్వించిన స్త్రీకి నవ్వు రాని రాత్రి అది యొక్కటి.

డ్యూకుగారి అప్పులు తీరుటకు ధనవంతురాలైన భార్య కావలసి వచ్చినది. తండ్రి చేసిన పనియే బిడ్డల తండ్రియు చేసెను. డ్యూకు కోరిన సంపన్నయువతి అతనిని తిరస్కరించుట వేరు విషయము. జోర్డాన్ అతనిని నిందింపక, ధనము లేమియే ఇంత పని చేసినదని మిత్రులకు వ్రాసెను. ఒడంబడిక ప్రకారము ఆమెకును, ఆమె వద్ద నుండు బిడ్డలకును కలిపి సంవత్సరమునకు 4,400 పౌనులు ఏర్పాటు చేయబడినవి. కాని అందొక షరతు కలదు. ఆమె మరల రంగస్థలమెక్కినచో చిన్న కుమార్తెలును, వారి నిమిత్తమైన 1,500 పౌనులును డ్యూకు వశమగును. ఇరువదియేండ్లు ఆమె నటించి తెచ్చిన ధనమును స్వీకరించిన ఇంటికి, ఇప్పుడు ఆమె నటన బిడ్డలకు అపవిత్రమైనది.

ఆమెకు పెద్ద కుమార్తెలు కలరు. వారి భర్తలు ధనమెరుగనివారు గాని ధనవ్యయమెరుగనివారు కారు. వారి అప్పులు తీర్చుటకు ఆమె రంగస్థలమునకు మరల రాక తప్పలేదు. చిన్నబిడ్డలను వదలుకొనెను. 1813లో కావెంట్ గార్డెన్‌లో షెరిడన్ సృష్టించిన లేడీ టీజిల్ పాత్ర ధరించినప్పుడు ఆమె వయస్సు ఏబదియొకటి. శరీరము స్థూలించినది, శ్వాస ఆడని జబ్బు పట్టుకొనినది. గొంతు మాత్రము మారలేదు. పత్రికల దూషణలు మరల ఆరంభమైనను ప్రేక్షకులు ఆమె పక్షము వహించిరి. 1815లో ఒక అల్లుడు, ఆమె నమ్మి సంతకము చేసి యిచ్చిన హామీపత్రములపై తన యిచ్చవచ్చినట్లు మొత్తములు వ్రాసికొని అప్పులు తెచ్చినట్లు బయటపడెను. అప్పు తీర్పనివారిని చెరసాలలో పెట్టు కాలమది. ఆ భయముతో ఆమె ఇల్లు, సామగ్రి వదలి ఫ్రాన్సు దేశమునకు పోయెను. అచట కొన్నాళ్ళు బూలోన్‌లోను, వెర్సాయిలోను, పిదప పారిస్ సమీపమునందలి సాన్ క్లూ గ్రామమునను ఉండి, ఇంగ్లండు నుండి రావలసిన ఉత్తరముల కొరకు ఎదురు చూచుచు, 1816 జులై 5వ తేదీన కన్నుమూసెను. బిడ్డలలో ఒక్కరును దగ్గర లేరు.

మరణవార్తను లండన్ నమ్మలేకపోయెను. ఆమె తమకు వీధిలో కనబడినదని చెప్పినవారును కలరు. అట్లు చెప్పినవారిలో 1831లో ఆమె జీవితచరిత్ర వ్రాసిన బోడెన్ ఒకడు.

ఆమె సంతానముతో మన దేశమునకు సంబంధము కలదు. పెద్దకుమారుడు జార్జి, రెండవవాడు హెన్రీ, ఆమె కష్టదినములలో నుండగనే భారతదేశమునకు సైనికోద్యోగులుగా పంపబడిరి. హెన్రీ 1817లో ఇచటనే మరణించెను. జార్జి గవర్నరు జనరలు హేస్టింగ్సు కొలువులో నుండి, 1817-18లలో దక్కను మీదుగా తన దేశమునకు చేసిన ప్రయాణమును గ్రంథముగా ప్రకటించెను. మూడవవాడు ఫ్రెడరిక్ బొంబాయి సేనాధిపతియై 1854లో పూనా ప్రాంతమున చనిపోయెను. కడగొట్టు కుమార్తె అమీలియా బొంబాయి గవర్నరు ఫాక్లండ్ ప్రభువు భార్యగా ఈ దేశమున నివసించి తన అనుభవములను గ్రంథస్థము చేసెను. ఇంగ్లండు ప్రధానిగా 2010 నుండి 2016 వరకు పనిచేసిన డేవిడ్ కామెరాన్ ఆమె కుమార్తెలలో నొకరి వంశమునకు చెందినవాడు.

డ్యూకు 1830లో నాల్గవ విలియమను పేర రాజయ్యెను. 1818లో పెండ్లాడిన రాణి అడలెయిడ్ వలన కలిగిన బిడ్డలు బ్రతుకలేదు. జోర్డాన్ వలన బిడ్డలు పదుగురు కలిగినను వారు సింహాసనమునకు అర్హులు కారు. కావున 1837లో రాజ్యము అతని అన్నదమ్ముల బిడ్డ విక్టోరియాకు సంక్రమించెను. రాజైన వెంటనే విలియం చేసిన పనులలో ఒకటి, ప్రసిద్ధ శిల్పి చాంట్రీని పిలిపించి జోర్డాన్ విగ్రహమును చెక్కింపుమని కోరుట. ఇరువురు పసిబిడ్డలతో కూర్చుండియున్న తల్లిగా శిల్పి ఆమెను తీర్చెను. ఆమె పాదముల చెంత హాస్యనాటకమునకు గుర్తుగా ముఖపు తొడుగు కలదు. వెస్ట్‌మినిస్టర్ మందిరమున దానిని నిలుపవలెనని రాజు కోరిక. మతాధికారులు సమ్మతింపలేదు. విగ్రహము శిల్పి ఇంటనే యుండి, అతని మరణానంతరము ఆమె వంశీయుల కడకు చేరి, తుదకు 1970వ దశకములో బ్రిటిషు రాణికి సంక్రమించి, బకింగ్‌హామ్ రాజభవనమున ప్రవేశించెను. ఆమె జీవించియుండగా గడప దాటనీయని రాజగృహము శిలారూపమున ఆమెను లోనికి రానిచ్చినది.

రాజు వేయించిన ఆ శిల్పము తల్లిని చూపును. వ్యంగ్యచిత్రములు ఉంపుడుగత్తెను చూపును. ఈ రెండును అసంపూర్ణములే. పదునెనిమిదేండ్ల వయసున రంగస్థలమెక్కి, ఏబదిమూడేండ్ల వయసున 1815 వేసవిలో మార్గేట్ పట్టణమున తుదిసారి నటించునంతవరకు, ఆమె తన్ను తాను చెప్పుకొనినది పనిచేయు నటిగానే. విడిచిపోయిన పురుషులు మువ్వురు. విడువనిది వృత్తి యొక్కటే. నటుల నటనకు చప్పట్లు కొట్టి, నటులను గడప బయట నిలుపు లోకరీతి ఒక్క ఇంగ్లండునకే పరిమితమైనది కాదు. పాఠశాల వార్షికోత్సవమున నాటకమాడు బాలికను చూచినప్పుడు, ఆమె నవ్వులకు మురియుటతో పాటు ఆమె నేర్చిన విద్యను గౌరవించుట పెద్దలు నేర్వదగిన పాఠము. హాస్యదేవతకు మనము చెల్లింపవలసిన టిక్కెట్టు ధర అదియే.